ఫోటోగ్రఫీ మాటలు – వాటి కథా కమామీషు

– ఒక బి.ఎస్సీ. విద్యార్థి

ఈ రోజుల్లో కెమెరా లేని విద్యార్థి లేడంటే అతిశయోక్తి కాదు. సెల్‌ఫోను ఉంటే కెమెరా ఉన్నట్లే. కళాశాలలో వార్షికోత్సవం జరిగినా, ఆటల పోటీలు జరిగినా పది చేతులు ఒక్కసారి పైకి లేస్తాయి. ఫోకస్, జూమ్, ఫ్లాష్, పోర్ట్రెయిట్, పనోరమా అనే మాటలు మన నోళ్లలో నిత్యం నలుగుతూనే ఉన్నాయి. కాని "ఫోకస్ అంటే అసలు అర్థం ఏమిటి?" అని ఎవరైనా నిలేసి అడిగితే మాత్రం తల గోక్కుంటాం.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన నా బోటి వాళ్లకు ఇంగ్లీషు శాస్త్ర పదం అంటే ఒక జంకు. అదేదో మహా పండితులు తయారుచేసిన మాట, మనకు అర్థం కాదు, బట్టీ పట్టడమే శరణ్యం అనుకుంటాం. ఈ వ్యాసం రాయడంలో నా ఉద్దేశం ఆ జంకు పోగొట్టడమే. ఫోటోగ్రఫీ మాటలను ఒక్కొక్కటే విప్పి చూస్తే లోపల కనిపించేవి గది, పప్పు, పొయ్యి, తలుపు. అన్నీ ఇంట్లో ఉండేవే. పైగా ఈ మాటల అర్థం తెలిస్తే మన ఇళ్లలో గోడకు వేలాడే పాత ఫోటోలను కాపాడుకునే దారి కూడా తెలుస్తుంది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

వెలుగు రాతా? నీడ బొమ్మా?

ముందు ఫోటోగ్రఫీ అనే మాటే తీసుకుందాం. గ్రీకు భాషలో ఫోటోస్ అంటే వెలుగు, గ్రాఫే అంటే రాత లేక గీత. అంటే వెలుగు గీసిన బొమ్మ. ఈ మాటను 1839లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వాడి ఇంగ్లీషులో స్థిరపరచినవాడు సర్ జాన్ హెర్షెల్. అంతకుముందే, 1834 ప్రాంతంలో, బ్రెజిల్‌లో ఉండిన హెర్క్యులీజ్ ఫ్లోరెన్స్ అనే ఫ్రెంచివాడు ఇదే మాటను తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అయితే ఆ సంగతి లోకానికి తెలియడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

తెలుగులో మనం ఛాయాచిత్రం అంటున్నాం. గ్రీకు వాడు వెలుగు అంటే మనం నీడ అన్నామేమిటి అని సందేహం రావచ్చు. తమాషా ఏమిటంటే, కాగితం మీద బొమ్మ తీసే పద్ధతి కనిపెట్టిన ఇంగ్లండు దేశస్థుడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కూడా మొదట్లో నీడ అనే అర్థం వచ్చే గ్రీకు మాటతోనే దానికి పేరు పెట్టాలని చూశాడు. అదీగాక సంస్కృతంలో ఛాయ అంటే నీడ మాత్రమే కాదు, కాంతి అని, ప్రతిబింబం అని కూడా అర్థాలున్నాయి. కనుక ఛాయాచిత్రం అన్నవాడెవడో గాని ఆలోచించే అన్నాడు.

మన వాడుక భాషలో ఇంకో సొగసైన ప్రయోగం ఉంది. అదే "ఫోటో దిగడం". తీసేవాడు ఫోటో తీస్తాడు, ఎదుట నిలబడ్డవాడు ఫోటో దిగుతాడు. ఇంగ్లీషులో ఈ రెండో పనికి ఇంత పొట్టి క్రియ లేదు, నాలుగు మాటలు పేర్చి చెప్పుకోవలసిందే. నలుగురితో కలిసి ఒక చోటికి దిగినట్లు మనం ఫోటోలోకి దిగుతున్నాం!

గది, పప్పు, పొయ్యి

కెమెరా అంటే లాటిన్ భాషలో గది. చీకటి గదికి ఒక గోడలో సన్నని రంధ్రం ఉంటే, బయటి దృశ్యం ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. వేసవి మధ్యాహ్నం తలుపులు మూసిన పెంకుటింట్లో గోడ మీద వీధిలో నడిచే మనుషుల నీడలు తలకిందులుగా కదలడం పల్లెల్లో పెరిగిన వాళ్లు చూసే ఉంటారు. దీనినే కెమెరా అబ్‌స్క్యూరా, అనగా చీకటి గది, అన్నారు. ఆ పేరు 1604లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ వాడాడు. తర్వాత చీకటి అనే మాట రాలిపోయి గది ఒక్కటే మిగిలింది. న్యాయస్థానాలలో మూసిన గదిలో జరిగే విచారణను ఇన్ కెమెరా అంటారు, అక్కడ కూడా ఇదే గది. అంతెందుకు, విద్యార్థి ఉద్యమాలలో వినిపించే కామ్రేడ్ అనే మాట కూడా దీనికి చుట్టమే. స్పానిష్ భాషలో ఒకే గదిలో ఉండేవాడు అనే అర్థంలో అది పుట్టింది. ఆ లెక్కన హాస్టలులో రూమ్మేట్లందరూ కామ్రేడ్లే.

లెన్స్ అంటే లాటిన్‌లో మసూరపప్పు గింజ. రెండు వైపులా ఉబ్బి, అంచున సన్నగా ఉండే ఆ గింజ ఆకారం కుంభాకార కటకం ఆకారం ఒక్కటే. గాజు బిళ్లను చూసి పప్పు గింజ అని పేరు పెట్టిన వాడు మన పల్లెటూరి వాడికి తీసిపోయినవాడు కాదు.

ఇక ఫోకస్. లాటిన్‌లో ఫోకస్ అంటే పొయ్యి. ఇంటి నడుమ నిప్పు ఉండే చోటు. భూతద్దంతో ఎండను ఒక చోటికి చేర్చి కాగితం కాల్చడం చిన్నప్పుడు మనమందరం ఆడిన ఆటే. కిరణాలన్నీ చేరి నిప్పు పుట్టే ఆ చోటికి పొయ్యి అని పేరు పెట్టినవాడు కూడా కెప్లరే. మన భౌతిక శాస్త్ర పుస్తకాలలో దానిని నాభి అంటారు. నాభ్యంతరం అనే మాట నోరు తిరగక ఇబ్బంది పడే తమ్ముళ్లు, కటకం నుంచి పొయ్యి దాకా ఉన్న దూరం అని గుర్తుపెట్టుకుంటే ఇక మరిచిపోరు.

షట్టర్ అంటే మూసే తలుపు. అంగడి వాళ్లు రాత్రి దించే షట్టరూ ఇదీ ఒకే మాట. అపెర్చర్ అంటే తెరుచుకున్న సందు. వెలుగు ఎంత రావాలో సందు చెబుతుంది, ఎంతసేపు రావాలో తలుపు చెబుతుంది. ఫోటోగ్రఫీ యావత్తూ ఈ రెంటి మధ్య నడిచే బేరం.

టైపు అనే తోక

తొలినాటి పద్ధతులన్నిటికీ టైపు అనే తోక ఉంటుంది. ఇది గ్రీకు మాట, ముద్ర అని అర్థం. ముందున్న భాగం ఒక్కొక్కచోట ఒక్కొక్క విధం.

డాగెరోటైపు: ఫ్రాన్సు దేశస్థుడు డాగేర్ పేరు మీద వచ్చింది. దీని వివరాలు 1839 ఆగస్టు 19న పారిస్‌లో లోకానికి వెల్లడించారు. వెండి పూత పూసిన రాగి రేకుకు అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి, తర్వాత పాదరసపు ఆవిరితో బొమ్మను పైకి తెచ్చేవారు. బొమ్మ అద్దంలాగా మెరిసేది. కాని ఒకటే బొమ్మ, రెండో ప్రతి లేదు.

కాలోటైపు: 1841లో టాల్బట్ పేటెంటు తీసుకున్న పద్ధతి. గ్రీకులో కాలోస్ అంటే అందమైన. ఇందులో ముందు కాగితం మీద తలకిందుల వెలుగునీడల బొమ్మ వస్తుంది. దాని నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ఈ రెండు బొమ్మలకు నెగెటివ్, పాజిటివ్ అని పేర్లు పెట్టినవాడు మళ్లీ హెర్షెలే.

సయనోటైపు: 1842లో హెర్షెల్ కనిపెట్టాడు. సయన్ అంటే నీలం. ఇనుప లవణాలతో తయారయ్యే ఈ బొమ్మ ప్రష్యన్ బ్లూ రంగులో ఉంటుంది. మరుసటి ఏడే ఆనా అట్కిన్స్ అనే మహిళ సముద్రపు నాచు మొక్కల నీలి బొమ్మలతో పుస్తకం తేవడం ప్రారంభించింది. తర్వాతి కాలంలో ఇంజనీర్లు ఇంటి ప్లానులకు వాడిన బ్లూప్రింటు ఇదే. ఇప్పుడు ఆ నీలి కాగితం పోయినా ఏ పథకానికైనా బ్లూప్రింటు అనే పేరు నిలిచిపోయింది.

టిన్‌టైపు: పేరులో తగరం ఉంది గాని వస్తువులో లేదు. అది నల్లని వార్నీషు పూసిన ఇనుప రేకు. అందుకే దీనికి ఫెర్రోటైపు అనే సరైన పేరు కూడా ఉంది. పేరును చూసి పదార్థం నిర్ణయించరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ పూసే పద్ధతి ప్రకటించాడు. పలక తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి గనుక దీనిని వెట్ ప్లేట్ అన్నారు. ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం, సీసాలు, నీళ్లు వెంట మోసుకుపోవలసిందే. 1871లో రిచర్డ్ మాడక్స్ జెలటిన్ వాడకం సూచించిన తర్వాత డ్రై ప్లేట్లు వచ్చి ఆ మోత తగ్గింది. మన హైదరాబాదు ఆరవ నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఈ గాజు పలకల కాలం వాడే. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా నడిపిన స్టూడియోలో ఫోటోలు తీసింది కూడా స్త్రీయే.

సైజులు – ఫార్మాట్లు

ఫార్మాట్ అంటే ఫిల్ము మీద, లేక పలక మీద, పడే బొమ్మ కొలత. ఇక్కడే పేర్లు మనల్ని బాగా తికమక పెడతాయి.

పాత స్టూడియోల బోర్డుల మీద ఫుల్ ప్లేట్, హాఫ్ ప్లేట్, క్వార్టర్ ప్లేట్ అని ఉండేది. ఫుల్ ప్లేట్ 6½ × 8½ అంగుళాలు. ఇది డాగేర్ వాడిన రేకు కొలత నుంచి వచ్చింది. క్వార్టర్ ప్లేట్ 3¼ × 4¼ అంగుళాలు, లెక్క కట్టి చూడండి, సరిగ్గా నాలుగో వంతు. కాని ఇంగ్లండులో వాడిన హాఫ్ ప్లేట్ 4¾ × 6½ అంగుళాలు. ఇది సగానికి కొంచెం ఎక్కువ. సగం అని పేరు పెట్టి సగానికి మించి ఇచ్చిన వస్తువు లోకంలో ఇదొక్కటే కావచ్చు!

క్యాబినెట్ సైజు 1860ల నాటిది. అట్ట కొలత 4¼ × 6½ అంగుళాలు. దానికి ముందు 1854లో పారిస్‌లో డిస్డేరి అనేవాడు ఒకే పలక మీద అనేక చిన్న బొమ్మలు తీసి విజిటింగ్ కార్డంత ముక్కలుగా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఫోటో సామాన్యుడికి అందుబాటులోకి రావడం అక్కడ మొదలు.

పాస్‌పోర్టు సైజు మాట చెప్పనక్కరలేదు. మా ఊళ్లో పాస్‌పోర్టు అనే పుస్తకాన్ని కంటితో చూడని రైతులందరూ పట్టాదారు పాసు పుస్తకానికీ, బ్యాంకు అప్పుకీ పాస్‌పోర్టు సైజు ఫోటోలు దిగినవారే. అయితే ఇది కూడా ఒకే కొలత కాదు. చాలా దేశాలలో 35 × 45 మి.మీ., అమెరికా పాస్‌పోర్టుకు 2 × 2 అంగుళాలు. అందుచేత దరఖాస్తు ఫారంలో పేరు చూసి ఊరుకోకుండా కొలత చదవాలి. కొలత తప్పిన ఫోటో వల్ల దరఖాస్తు వెనక్కి వచ్చిందంటే పోయేది ఫోటో ఖర్చు కాదు, గడువు.

ఫిల్ము నంబర్ల సంగతి ఇంకా చిత్రం. 120 ఫిల్ము 1901లో వచ్చింది, దాని వెడల్పు సుమారు 6 సెం.మీ. 135 ఫిల్ము అనే పేరు 1934లో వచ్చింది, దాని వెడల్పు 35 మి.మీ. 110 ఫిల్ము 1972లో వచ్చింది, దాని వెడల్పు 16 మి.మీ. ఈ నంబర్లకూ కొలతలకూ సంబంధం లేదు, అవి కంపెనీ వాళ్లు తమ సరుకు గుర్తుకు వేసుకున్న వరస నంబర్లు. 120 ఫిల్ములో 6 × 6 సెం.మీ. బొమ్మలు 12 వస్తాయి, 6 × 9 అయితే 8. మన దేశంలో ఎన్నో ఇళ్లలో ఉండిన ఆగ్ఫా క్లిక్-3 కెమెరా 6 × 6 రకమే. ఊటీలో 1960లో ఏర్పడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తన ఫిల్ముకు ఇందు అని పేరు పెట్టింది. చంద్రుడు అని అర్థం. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు, పేరు మాత్రం పాత డబ్బాల మీద మిగిలింది.

135 ఫిల్ము మీద బొమ్మ 24 × 36 మి.మీ. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి రెండు సినిమా ఫ్రేముల చోటులో ఒక బొమ్మ తీయడం జర్మనీలో ఆస్కార్ బార్నాక్ చేసిన పని. అతని లైకా కెమెరా 1925లో మార్కెట్టుకు వచ్చింది. లైట్జ్ అనే కంపెనీ పేరులో ముందు ముక్కా, కెమెరాలో ముందు ముక్కా కలిస్తే లైకా. ఇంతకంటె పెద్దవి మీడియం ఫార్మాట్, అనగా 120 ఫిల్ము రకాలు. 4 × 5 అంగుళాలు మొదలుకొని పైవన్నీ లార్జ్ ఫార్మాట్.

ఎఫ్ నంబరు – స్టాప్

సైన్సు విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగాలి. నాభ్యంతరాన్ని సందు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబరు. నాభ్యంతరం 50 మి.మీ., సందు వ్యాసం 25 మి.మీ. అయితే ఎఫ్/2. వ్యాసం 12.5 మి.మీ. అయితే ఎఫ్/4. నంబరు పెరిగేకొద్దీ సందు చిన్నదవుతుంది. ఎందుకంటే వ్యాసం హారంలో ఉన్నది.

2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని వింత వరస ఎందుకుందంటే, వెలుగు వైశాల్యాన్ని బట్టి వస్తుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. వెలుగు సగం కావాలంటే వ్యాసాన్ని √2తో భాగించాలి. అంటే ఎఫ్ నంబరు ఒక్కొక్క మెట్టుకు 1.414 రెట్లు పెరుగుతుందన్నమాట. గుణశ్రేఢి ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

ఒక్కొక్క మెట్టును స్టాప్ అంటారు. 1858లో జాన్ వాటర్‌హౌస్ అనే ఆయన వేర్వేరు రంధ్రాలున్న లోహపు పలకలు చేసి కటకం దగ్గర దూర్చే పద్ధతి తెచ్చాడు. అవి వెలుగును ఆపేవి గనుక స్టాపులు. మన పొలంలో కాలువ తూముకు పలక వేసి నీటిని తగ్గించుకోవడం లాంటిదే. తూము ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచాం అనే రెండు లెక్కలు కలిస్తే మడిలో నీరు. అలాగే ఎఫ్/8 దగ్గర 1/125 సెకండూ, ఎఫ్/5.6 దగ్గర 1/250 సెకండూ ఇచ్చే వెలుగు ఒక్కటే.

ఫిల్ము ఎంత త్వరగా వెలుగు తాగుతుందో చెప్పేది స్పీడు. అమెరికా వాళ్ల ఎ.ఎస్.ఎ. లెక్కలో 100, 200, 400 అని రెట్టింపవుతుంది. జర్మనీ వాళ్ల డి.ఐ.ఎన్. లెక్కలో 21, 24, 27 అని మూడేసి పెరుగుతుంది, ఎందుకంటే అది సంవర్గమాన లెక్క. 1974 నుంచి ఈ రెంటినీ కలిపి ఐ.ఎస్.ఓ. అన్నారు. ఐ.ఎస్.ఓ. అనేది పొడి అక్షరాల పేరు కాదు, సమానం అనే అర్థమిచ్చే గ్రీకు మాట ఐసోస్ నుంచి తీసుకున్నారు. ఐసోటోపు, ఐసోమరు చదివే మనకు ఇది కొత్త చుట్టం కాదు.

చీకటి గదిలో మాటలు

డెవలప్ చేయడం అంటే కంటికి కనిపించకుండా ఉన్న బొమ్మను పైకి తేవడం. వెలుగు తగిలిన వెండి లవణపు రేణువులు క్షయకరణం చెంది నల్లని వెండిగా మారతాయి. కనిపించని ఆ బొమ్మను లేటెంట్ ఇమేజ్ అంటారు. మన వాళ్లు ఈ తతంగమంతటినీ "ఫిల్ము కడగడం" అని ఒక్క మాటలో తేల్చారు. ఎంత చక్కని మాట! పళ్లెంలో పోసి కడిగితే మనిషి ముఖం బయటపడుతుంది.

స్టాప్ బాత్ అంటే పులుసు నీళ్లలో ముంచి ఆ చర్యను ఆపడం. ఫిక్సింగ్ అంటే వెలుగు తగలని లవణాన్ని కరిగించి తీసేసి బొమ్మను స్థిరపరచడం. ఇందుకు వాడేది హైపో. అయోడిన్ అంశమాపనంలో బ్యూరెట్టులో పోసి మనం చుక్కలు లెక్కపెట్టే ఆ సోడియం థయోసల్ఫేటే ఇది. ఆనాటి రసాయన శాస్త్రంలో దీనిని హైపోసల్ఫైటు అనేవారు. పేరు మారింది, ముద్దుపేరు మిగిలింది. వెండి లవణాలను ఇది కరిగిస్తుందని హెర్షెల్ 1819లోనే గమనించాడు, ఇరవై ఏళ్ల తర్వాత అది ఫోటోగ్రఫీకి ప్రాణం పోసింది.

ప్రింటు వేసేటప్పుడు ఒక చోట వెలుగు పడకుండా అట్టముక్క అడ్డం పెడితే డాడ్జింగ్, ఒక చోట ఎక్కువ పడనిస్తే బర్నింగ్. కంప్యూటరులో బొమ్మలు దిద్దే ఫోటోషాప్‌లో ఈ రెండు పనిముట్ల గుర్తులు చూడండి, ఒకటి పుల్లకు అంటించిన అట్టబిళ్ల, ఇంకొకటి చెయ్యి. చీకటి గది పోయినా చెయ్యి పోలేదు.

తికమక పెట్టే జంటలు

పరీక్షలకూ, ఇంటర్వ్యూలకూ పనికివచ్చేవి కొన్ని ఇస్తున్నాను.

1. ఫోటోమైక్రోగ్రాఫ్, మైక్రోఫోటోగ్రాఫ్: సూక్ష్మదర్శిని గుండా చిన్న వస్తువును పెద్దగా తీస్తే మొదటిది. పెద్ద వస్తువును సూక్ష్మదర్శినిలో చూడవలసినంత చిన్నగా తీస్తే రెండోది. వృక్షశాస్త్ర రికార్డులో రాయవలసింది మొదటి మాట.

2. 35 మి.మీ. ఫిల్ము, 35 మి.మీ. లెన్స్: మొదటిది వెడల్పు, రెండోది నాభ్యంతరం.

3. మాక్రో: గ్రీకులో పెద్ద అని అర్థం, వాడేది చీమలనూ పూలకేసరాలనూ తీయడానికి. వస్తువు చిన్నదైనా ఫిల్ము మీద బొమ్మ అసలు సైజంత రావాలి, అదీ ఆ పెద్దతనం.

4. జూమ్, టెలిఫోటో: నాభ్యంతరం మార్చుకోగలిగేది జూమ్. దూరపు వస్తువును దగ్గర చేసేది టెలిఫోటో. నిక్కచ్చిగా చెప్పాలంటే తన నాభ్యంతరం కంటె పొడవు తక్కువగా ఉండేటట్లు కట్టిన లెన్సే టెలిఫోటో. జూమ్ అనేది మొదట ఒక చప్పుడు, జుమ్మని విమానం పైకి లేచే చప్పుడు.

5. ఆర్థోక్రొమాటిక్, పాంక్రొమాటిక్: మొదటి దానికి సరైన రంగు అని అర్థం, కాని దానికి ఎరుపు కనిపించదు. రెండో దానికి అన్ని రంగులూ అని అర్థం, ఎరుపు కూడా కనిపిస్తుంది. అందుకే ఎర్ర దీపం మొదటి దాని దగ్గరే చెల్లుతుంది.

6. పానింగ్: పరుగెత్తే వాడితో పాటు కెమెరాను తిప్పడం. వాడు నిలకడగా, వెనుక దృశ్యం గీతలుగా వస్తుంది. ఇందులోని పాన్ పనోరమా నుంచి తెగిన ముక్క.

7. బి అనే గుర్తు: బల్బ్ అని అర్థం. దీపపు బల్బు కాదు, పూర్వం షట్టరు తెరవడానికి నొక్కిన రబ్బరు బుడ్డి. నొక్కినంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది.

8. రోల్, రీల్: ఇంగ్లీషులో కెమెరాకు వేసేది రోలు, సినిమాకు వేసేది రీలు. మన వాళ్లు కెమెరా రీలు అన్నారు. ఇప్పుడు సెల్‌ఫోనులో అర నిమిషం ఆటకూ రీలే.

9. స్నాప్‌షాట్, క్యాండిడ్: మొదటిది వేటగాళ్ల మాట, గురి చూసుకోకుండా చటుక్కున కాల్చడం. 1860లో దానిని ఫోటోకు అన్వయించినవాడు మళ్లీ హెర్షెల్. క్యాండిడ్ అంటే లాటిన్‌లో తెల్లని, దాపరికం లేని. ఎన్నికలలో నిలబడే రోమన్లు తెల్లటి వస్త్రం ధరించేవారు గనుక క్యాండిడేటు అనే మాట కూడా అక్కడిదే. మన సంఘం ఎన్నికల క్యాండిడేట్లు ఎంత క్యాండిడ్‌గా ఉంటారో చదువరులకే వదిలేస్తున్నాను.

డిజిటల్ కాలం

1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా బొమ్మలో 100 × 100 చుక్కలు, అంటే పదివేలు. ఒక్కొక్క చుక్క పేరు పిక్సెల్. ఇది 1965లో వాడుకలోకి వచ్చిన మాట, బొమ్మ అనే మాటకూ మూలకం అనే మాటకూ ఇంగ్లీషులో ముక్కలు కలిపి చేసింది. పది లక్షలయితే మెగాపిక్సెల్.

ఫిల్ము పోయినా ఫిల్ము కొలతలు పోలేదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు అంటే ఆ లైకా నాటి 24 × 36 మి.మీ.యే. ఒక అంగుళం సెన్సారు అని ప్రకటించేది నిజానికి 13.2 × 8.8 మి.మీ. మాత్రమే. పాత టెలివిజన్ కెమెరా గొట్టాల వెలుపలి వ్యాసం లెక్క ఇంకా మోస్తున్నారు. ఫోను కొనేవాళ్లు ఈ అంగుళాన్ని నమ్మి టేపు పట్టుకోవద్దు. రా ఫైలు అంటే పచ్చిది, ఇంకా వండనిది, నెగెటివ్ వంటిది. జేపెగ్ అంటే వండి వడ్డించినది, దాని ప్రమాణం 1992 నాటిది. పోర్ట్రెయిట్ అనే మాటకు ఇప్పుడు మూడు అర్థాలు: మనిషి ముఖచిత్రం, కాగితం నిలువుగా పెట్టడం, ఫోనులో వెనుక భాగం మసకబార్చే పద్ధతి. ఆ మసకకు బోకే అనే జపాను మాట 1997 నుంచి ఇంగ్లీషు ఫోటో పత్రికల్లో వ్యాపించింది. చూశారా, ఇంగ్లీషు కూడా అరువు తెచ్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఈ మాటలు మనకెందుకు?

మాట తెలిస్తే వస్తువు విలువ తెలుస్తుంది. పల్లెటూళ్లలో పెళ్లి ఫోటోల కవరు వెనుక జేబులో గోధుమరంగు ఫిల్ము ముక్కలుంటాయి. పనికిరాని చెత్త అని పారేసేవారే ఎక్కువ. అవి నెగెటివులు. గోడ మీది ఫోటో చెదలు పట్టిపోయినా వాటి నుంచి మళ్లీ కొత్త ప్రింటు తీయవచ్చు. నెగెటివ్ అంటే కాదు, లేదు అని అర్థం చెప్పుకున్నవాడు పారేస్తాడు. అసలు బొమ్మ అదే అని తెలిసినవాడు దాచుకుంటాడు. మా తాతల తరంలో ఒక మనిషికి జన్మ మొత్తం మీద ఒకే ఒక ఫోటో ఉండేది. అది పోతే ఆ ముఖం మళ్లీ లేదు.

కాబట్టి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ప్రతి విద్యార్థీ ఈ నాలుగు పనులు చేయవలసిందని నా మనవి. నెగెటివులను అంచులతో పట్టుకుని, వేలిముద్ర పడకుండా, పొడి కాగితపు కవర్లలో పెట్టండి. ఎండ తగిలే గోడ మీది రంగుల ఫోటోను నీడలోకి మార్చండి, రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. ఫ్రేము అద్దానికి ఫోటో అంటుకుపోయి ఉంటే గీకి లాగవద్దు, బొమ్మ పొర ఊడివస్తుంది. అద్దం మీదుగానే మంచి కాపీ తీయించండి. చివరగా, ఫోటో వెనుక పెన్సిలుతో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఈ పని చేయాలి.

లెన్స్ పప్పు గింజ, ఫోకస్ పొయ్యి, కెమెరా గది. ఇవి కనిపెట్టినవాళ్లు తమ ఇంటి మాటలే తీసుకుని శాస్త్రానికి పెట్టుకున్నారు. మన దిగడం, కడగడం, ఛాయ కూడా అంతకు తక్కువ మాటలు కావు. ఇంగ్లీషు పదాన్ని భయపడకుండా విప్పి చూద్దాం, తెలుగు మాటను చిన్నచూపు చూడకుండా వాడుకుందాం.